ఆ ఇంపాక్ట్ వేరు, ఈ ఇంపాక్ట్ వేరు: కిటికీ ఫిల్మ్ తుఫాను కోడ్‌కి సరిపోతుందా?

(హరికేన్ సీజన్‌కి ముందు ఫ్లోరిడాలోని టాంపా దగ్గర తెలుగు కుటుంబాల కోసం పెట్టిన సమావేశంలో ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారమండీ. వెనకవాళ్లకి వినపడుతోందా? సరే. భోజనాలు ఇంకో గంటకి గానీ రావట. అందుకే నన్ను ముందు నిలబెట్టారని నాకు తెలుసు. (నవ్వులు)

ముందు మా ఇంటి సంగతి చెప్తాను, కోడ్ సంగతి, అంటే తుఫానుకి తట్టుకునేలా ఇళ్లు కట్టాలన్న నిబంధనల సంగతి, తర్వాత. 2017 వేసవి మొదట్లో అమ్మకి మోకాలి ఆపరేషన్ అని నేను వైజాగ్ వెళ్లాను. ఆ నెల రోజుల్లో మా ఇంటికి ఒక సేల్స్ కుర్రాడు వచ్చాడు. చేతిలో చిన్న సూట్‌కేసు, అందులో చెక్క చట్రంలో బిగించిన అడుగు బై అడుగు గాజు పలక. దాని మీద పారదర్శకంగా ఒక ఫిల్మ్. ఇటుక మా ఆయన చేతికే ఇచ్చి కొట్టమన్నాడట. కొట్టాడు. గాజు సాలెగూడులా చిట్లింది గానీ ఇటుక లోపలికి పోలేదు. మా ఆయన అక్కడే బుట్టలో పడిపోయాడు. నాకు సర్‌ప్రైజ్ ఇద్దామని, నలుగురం ఇండియా వెళ్లిరావడానికి అయ్యేంత డబ్బు పోసి ఇంట్లో ఉన్న కిటికీలన్నిటికీ ఫిల్మ్ వేయించాడు. కాగితం మీద పెద్ద అక్షరాలతో ‘ఇంపాక్ట్ టెస్టెడ్, హరికేన్ ప్రొటెక్షన్’ అని ఉంది. భార్య ఇదే పని చేసే ఇంజనీర్ అయ్యుండి ఒక్క ఫోన్ చేసి అడగలేదు చూడండి, అదీ నా బాధ.

నేను తిరిగొచ్చి సూట్‌కేసులు కూడా విప్పకుండా డ్రాయింగ్ రూమ్ కిటికీ దగ్గరికి వెళ్లి, ఫోన్ టార్చ్ వేసి అంచు చూశాను. ఫిల్మ్ చుట్టూ, ఫ్రేము రబ్బరుకీ ఫిల్మ్‌కీ మధ్య, సన్నటి గీతంత ఖాళీ. అగ్గిపుల్ల మందం కూడా ఉండదు. అంటే ఫిల్మ్ గాజుకి మాత్రమే అంటుకుని ఉంది, ఫ్రేముకి దానికీ ఏ సంబంధమూ లేదు. సేల్స్ కుర్రాడి శాంపిల్‌లో ఫిల్మ్ అంచులు నాలుగు వైపులా చెక్క చట్రం లోపలికి పోయి బిగిసి ఉన్నాయి, పైగా అడుగు పలక. మా కిటికీ మూడడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు. ఈ రెండిటికీ పోలికే లేదు. ఇంక సర్టిఫికెట్ చూపించమన్నాను. మా ఆయన ఫైలు తీశాడు. అందులో ఉన్న పరీక్ష పేరు 16 సీఎఫ్‌ఆర్ 1201.

ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి. ఇవాళ నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

అసలు ఫిల్మ్ అంటే ఏమిటి? మన దేశంలో ఫిల్మ్ అనగానే కారు అద్దాలకి వేసే నల్ల ఫిల్మ్ గుర్తొస్తుంది, 2012లో సుప్రీంకోర్టు వద్దన్నది. సెక్యూరిటీ ఫిల్మ్ కూడా అదే కుటుంబం, కాస్త మందం ఎక్కువ, అంతే. పాలిస్టర్ పొర, వెనక జిగురు. మందాన్ని మిల్స్‌లో చెప్తారు. మిల్ అంటే మిల్లీమీటర్ కాదు, అంగుళంలో వెయ్యో వంతు. కాబట్టి ‘ఎనిమిది మిల్స్’ అనగానే ఎనిమిది మిల్లీమీటర్లు అనుకుని మురిసిపోకండి, అది 0.2 మిల్లీమీటర్లు. అసలు హరికేన్ కిటికీల్లో ఉండేది లామినేటెడ్ గాజు: రెండు గాజు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర. ఇళ్లకి వాడే వాటిలో ఆ పొర మామూలుగా 90 మిల్స్ ఉంటుంది. ఎనిమిదెక్కడ, తొంభై ఎక్కడ! పైగా ఆ పొర ఉన్న గాజుని ఫ్రేములోకి లోతుగా దింపి, సిలికాన్ పోసి కట్టిపడేస్తారు. గాజు ముక్కలైపోయినా ఆ పొర చట్రాన్ని వదలదు.

ఫిల్మ్ మోసం అని నేననడం లేదు, ఇది జాగ్రత్తగా వినండి. ఫిల్మ్ చేసే పని ఫిల్మ్ చేస్తుంది. గాజు పగిలితే పెంకులు ఎగిరి పిల్లల మీద పడకుండా పట్టుకుంటుంది. దొంగ వచ్చి సుత్తితో కొడితే ఒక దెబ్బకి లోపలికి రాలేడు, నాలుగైదు కొట్టాలి, ఈలోపు కుక్క అరుస్తుంది. ఎండ తగ్గిస్తుంది, సోఫా రంగు పోదు. ఇవన్నీ నిజమే. నా పేచీ అంతా ‘హరికేన్ కోడ్’ అన్న మాట దగ్గరే.

ఆ కోడ్ ఎక్కడ పుట్టిందో తెలిస్తే అది ఏం అడుగుతోందో అర్థమవుతుంది. 1992 ఆగస్టు 24 తెల్లవారుజామున ఆండ్రూ అనే హరికేన్ వచ్చి మయామీకి దక్షిణంగా హోమ్‌స్టెడ్ వైపు కొట్టింది. 25 వేలకు పైగా ఇళ్లు నేలమట్టం, లక్షకు పైగా ఇళ్లు దెబ్బతిన్నాయి. తర్వాత ఇంజనీర్లు వెళ్లి చూస్తే మళ్లీ మళ్లీ ఒకటే కథ. పక్కింటి కప్పు పెంకో దూలం ముక్కో వచ్చి కిటికీకి తగిలింది, కిటికీ పోయింది, గాలి లోపలికి దూరింది, కాసేపటికి కప్పు లేచిపోయింది. ఎందుకంటే కప్పు మీద గాలి మామూలుగానే పైకి లాగుతుంది. లోపలికి గాలి దూరితే అది కింద నుంచి కూడా తోస్తుంది. పైన లాగేవాడు, కింద తోసేవాడు. మేం లెక్కలు వేసే ఏఎస్‌సీఈ 7 పుస్తకంలో మూసి ఉన్న ఇంటికి లోపలి పీడన గుణకం 0.18, ఒక పక్క కన్నం పడిన ఇంటికి 0.55. మూడు రెట్లు! అదీ ఒక్క కిటికీ పోయినందుకు. కాబట్టి కోడ్‌కి కావాల్సింది గాజు పెంకులు ఎగరకుండా ఉండటం కాదు. తుఫాను మొదలైనప్పటి నుంచి పోయేదాకా గోడలో కన్నం పడకూడదు. ఫిల్మ్ అమ్మేవాళ్లు మొదటిది చూపించి రెండోది ఇస్తున్నట్టు మాట్లాడతారు.

1994లో డేడ్ కౌంటీ వాళ్లు, అంటే మయామీ ఉన్న జిల్లా వాళ్లు, ఇంపాక్ట్ పరీక్ష తప్పనిసరి చేశారు. 2002 మార్చిలో రాష్ట్రమంతటికీ ఒకే ఫ్లోరిడా బిల్డింగ్ కోడ్ వచ్చింది. మయామీ-డేడ్, బ్రోవర్డ్ రెండు కౌంటీలకి అందులో అన్నిటికన్నా గట్టి నిబంధనలు, ఆ ప్రాంతాన్నే హెచ్‌వీహెచ్‌జెడ్, అంటే హరికేన్ గాలి వేగం ఎక్కువగా ఉండే జోన్, అంటారు. మనం టాంపా వాళ్లం అందులో లేం. అయినా తీరానికి దగ్గరగా ఉండే చాలా చోట్ల గాలికి ఎగిరొచ్చే వస్తువుల నుంచి అద్దాలకి రక్షణ ఉండాలన్న నిబంధన మనకీ ఉంది.

ఇప్పుడు పరీక్ష. మయామీలో టీఏఎస్ 201, 202, 203 అంటారు. మిగతా చోట్ల ఏఎస్‌టీఎం ఈ1886, ఈ1996. పేర్లు వదిలేయండి, ఏం చేస్తారో చెప్తాను. ఒక గాలి ఫిరంగి ఉంటుంది, పెద్ద పైపు. అందులో టూ బై ఫోర్ దూలం పెడతారు, మన హోమ్ డిపోలో దొరికేదే. తొమ్మిది పౌండ్లు, అంటే నాలుగు కిలోలు. సెకనుకి 50 అడుగుల వేగంతో, అంటే గంటకి 55 కిలోమీటర్లు, తలకాయ ముందుకి పెట్టి కిటికీ మీదకి వదులుతారు. ఇంతేనా, 55 అంటే మన స్కూటర్ వేగమే కదా అనిపిస్తుంది. ఆ స్కూటర్ ముందు దూలం కట్టుకుని వచ్చి మీ కిటికీలో గుచ్చితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు మళ్లీ ఆ 16 సీఎఫ్‌ఆర్ 1201 దగ్గరికి వద్దాం. అది కూడా ఇంపాక్ట్ పరీక్షే, అబద్ధం కాదు. కానీ ఏ ఇంపాక్ట్? పిల్లాడు పరిగెత్తుకుంటూ వచ్చి బాల్కనీ తలుపుకి గుద్దుకుంటే గాజు అతన్ని కోసేయకుండా ఉండాలి, దాని కోసం పెట్టిన పరీక్ష. సీసపు గుళ్లు నింపిన 100 పౌండ్ల తోలు సంచిని తాడుకి వేలాడదీసి నాలుగడుగుల ఎత్తు నుంచి ఊపి గాజుకి తగిలిస్తారు. కేటగిరీ 2 అంటే ఇదే. దాని శక్తి 400 ఫుట్-పౌండ్లు. దూలం శక్తి లెక్కేయండి, సుమారు 350. విన్నారా? సంచి శక్తే ఎక్కువ! సేల్స్ వాళ్లు ఈ లెక్క కూడా చూపిస్తారు, “మేడమ్, మా పరీక్ష హరికేన్ పరీక్ష కంటే గట్టిది” అని. నాకు ఒకతను నిజంగానే చెప్పాడు. అయ్యా, సంచి మెత్తగా వచ్చి గాజు నిండా వాలుతుంది. దూలం మొత్తం శక్తిని అంగుళంన్నర బై మూడున్నర అంగుళాల చోట దింపేస్తుంది. దిండుతో కొట్టడానికీ అదే బలంతో గునపం దింపడానికీ ఉన్న తేడా ఇది. అందుకే మంచి ఫిల్మ్ ఏదైనా సంచి పరీక్ష దాటేస్తుంది. ఆ సర్టిఫికెట్ నిజమైనదే. తుఫానుకి మాత్రం అది చెల్లదు.

దూలం దెబ్బతో అయిపోలేదు. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. అదే చిట్లిన కిటికీని తీసుకెళ్లి గాలి గదికి బిగించి, తోసి లాగి, తోసి లాగి, ఏఎస్‌టీఎం ప్రకారం 9,000 సార్లు చేస్తారు: లోపలికి 4,500, బయటికి 4,500. ఎక్కువ సార్లు సగం పీడనంలోపు, లోపలికి వంద సార్లు, బయటికి యాభై సార్లు పూర్తి పీడనం దాకా. ఈ పీడనం ఎంతో ఒక మోటు లెక్క చెప్తాను. గంటకి 150 మైళ్ల గాలి చదరపు అడుగుకి దాదాపు 58 పౌండ్లు తోస్తుంది. మా కిటికీ 15 చదరపు అడుగులు. 58 ఇంటూ 15 అంటే 870 పౌండ్లు, దాదాపు 395 కిలోలు. బక్కదైనా అదొక గేదె. అప్పటికే పగిలిపోయిన గాజు మీద గేదె వచ్చి వాలుతుంది, మళ్లీ ఎవరో దాన్ని వెనక్కి లాగుతారు, మళ్లీ వాలుతుంది. రాత్రంతా. మిల్టన్ తుఫాను రాత్రి ఇక్కడున్న వాళ్లందరికీ ఆ శబ్దం తెలుసు, 2024 అక్టోబర్ 9. గాలి ఒకే బిగువున రాదు, ఊపిరి తీసుకుంటున్నట్టు వస్తుంది. ట్రాపికానా ఫీల్డ్ స్టేడియం కప్పు చిరిగి పీలికలై వేలాడింది టీవీలో చూశాం కదా. ఆ ఊపిరికే.

ఇదంతా అయ్యాక ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు. ఐదు అంగుళాల కంటే పొడవు, అంగుళంలో పదహారో వంతు కంటే వెడల్పు చిరుగు ఉంటే ఫెయిల్. మూడు నమూనాలు ఇలాగే నిలబడాలి.

మా ఇంటి ఫిల్మ్‌ని ఈ పరీక్షలో ఊహించుకుందాం. దూలం తగిలింది, గాజు చిట్లింది. అదృష్టం బాగుండి ఫిల్మ్ చిరగలేదనే అనుకుందాం. ఇప్పుడు పగిలిన గాజంతా ఫిల్మ్‌కి అంటుకుని ఒక బరువైన దుప్పటిలా తయారైంది. దాన్ని ఫ్రేములో పట్టుకున్నదేమిటి? అంచున రబ్బరు కింద ఉన్న పావు అంగుళమో అర అంగుళమో గాజు. ఆ గాజు మీద ఫిల్మ్ లేదు, నేను చూసిన గీత అదే. కాబట్టి దుప్పటి మొత్తం ఒకేసారి ఊడి ఇంట్లోకి వస్తుంది. బాల్కనీ స్లైడింగ్ తలుపుల్లో ఉండే టెంపర్డ్ గాజుకైతే ఇంకా అన్యాయం. మామూలు గాజు పెద్ద పెంకులుగా పగులుతుంది, వాటికి కొంచెం బిగువైనా ఉంటుంది. టెంపర్డ్ అయితే పటికబెల్లం ముక్కల్లా పొడైపోయి ఫిల్మ్ గోనెసంచిలా వేలాడుతుంది. రెండు పలకల ఇన్సులేటెడ్ కిటికీ అయితే ఫిల్మ్ లోపలి పలకకే, బయటి పలకని పట్టించుకునే దిక్కు లేదు.

దీనికి పరిశ్రమ వాళ్ల దగ్గర ఒక జవాబు ఉంది, అది కూడా చెప్పాలి, లేకపోతే నేను పక్షపాతం చూపించినట్టవుతుంది. ఫిల్మ్ అంచునీ ఫ్రేమునీ కలుపుతూ చుట్టూ స్ట్రక్చరల్ సిలికాన్ లావుపాటి గీతలా పోస్తారు, వెట్ గ్లేజ్ అంటారు. లేదంటే అల్యూమినియం పట్టీ పెట్టి బిగిస్తారు. ఇది చాలా తేడా చేస్తుంది, ఉత్త ఫిల్మ్ కంటే నిజంగా మేలు. ఇలా బిగించిన ఫిల్మ్‌లు కొన్ని చిన్న మిస్సైల్ పరీక్ష దాటాయి కూడా. చిన్న మిస్సైల్ అంటే రెండు గ్రాముల ఉక్కు గుళ్లు. 1983లో అలీషియా తుఫానుకి హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లో పక్క బిల్డింగుల కప్పుల మీద కంకర ఎగిరి టవర్ల అద్దాలు పగలగొట్టింది, ఆ కంకరకి ఈ గుళ్లు బదులు. నేలకి 30 అడుగుల పైన ఉన్న అద్దాలకి ఆ పరీక్ష వర్తిస్తుంది. మన ఇళ్లు ఒకటో రెండో అంతస్తులు, మన కిటికీలన్నీ 30 అడుగుల కిందే. మనకి కావాల్సింది దూలం పరీక్ష. ‘మిస్సైల్ టెస్టెడ్’ అని రాసి ఉంటే ఏ మిస్సైలో అడగండి. గుళ్లా, దూలమా? దూలమైతే ఎన్ని పౌండ్లు? నాలుగున్నర పౌండ్లదీ ఉంది, తొమ్మిదిదీ ఉంది.

ఇంకో చిక్కు ఉంది, ఇదే అన్నిటికన్నా పెద్దది. కోడ్ ఫిల్మ్‌ని ఆమోదించదు, కిటికీని ఆమోదిస్తుంది. గాజు ఏ రకం, ఎంత మందం, ఎంత కొలత, ఫ్రేము ఏది, ఏ స్క్రూ, ఎన్ని అంగుళాలకి ఒకటి, గోడ కాంక్రీటా చెక్కా, ఇవన్నీ కలిపి ఒక్క వస్తువుగా పరీక్షిస్తారు. ల్యాబులో కొత్త ఫ్రేములో, ఫలానా మందం గాజు మీద పాసైన ఫిల్మ్‌ని తెచ్చి 1996లో కట్టిన మా ఇంటి పలచటి అల్యూమినియం కిటికీకి అంటిస్తే ఆ పాస్ మాకెలా వస్తుంది? పక్కింటి అబ్బాయి ఐఐటీ ర్యాంకు మనవాడికి రాదు కదా. (నవ్వులు) మా ఫ్రేము స్క్రూలు రెండు నేను విప్పి చూశాను, ఒకటి తుప్పు పట్టి చేతిలోనే విరిగింది. ఆ గోడకి గాజుని ఎంత గట్టిగా అంటించినా ఏం లాభం, గేదె వాలితే ఫ్రేముతో సహా వచ్చేస్తుంది.

కాబట్టి ఎవరైనా ‘కోడ్ అప్రూవ్డ్’ అంటే వాదించొద్దు, నంబర్ అడగండి. మయామీ-డేడ్ అయితే ఎన్‌ఓఏ నంబర్, అంటే ఆ కౌంటీ ఇచ్చే ఆమోద పత్రం నంబర్, మిగతా రాష్ట్రానికి ఎఫ్‌ఎల్‌తో మొదలయ్యే ప్రొడక్ట్ అప్రూవల్ నంబర్. ఫ్లోరిడా బిల్డింగ్ కమిషన్ వెబ్‌సైట్‌లో కొడితే పేజీ తెరుచుకుంటుంది. అందులో ఒక వరుస ఉంటుంది: ఇంపాక్ట్ రెసిస్టెంట్, ఎదురుగా ఎస్ లేదా నో. దాని పక్కనే హెచ్‌వీహెచ్‌జెడ్‌లో వాడొచ్చా, డిజైన్ ప్రెషర్ ఎంత, గరిష్ఠ కొలత ఎంత. ఆ పేజీ వస్తువు పేరూ మీ ఇంట్లో పెట్టబోయే వస్తువూ ఒకటేనా అని చూసుకోవాలి. ఒకసారి ఒకాయన నాకు ఎఫ్‌ఎల్ నంబర్ పంపించాడు, తెరిస్తే అది సిలికాన్‌కి కాదు, ఫిల్మ్‌కి కాదు, ఎవరిదో తలుపుకి! నంబర్ ఇచ్చాడు కదా అని అక్కడితో ఆగిపోతే అంతే సంగతులు.

ఇంక ఇన్సూరెన్స్, అందరూ దీని కోసమే కూర్చున్నారని తెలుసు. విండ్ మిటిగేషన్ ఫారం ఉంటుంది, ఓఐఆర్-బీ1-1802. అందులో ఓపెనింగ్ ప్రొటెక్షన్, అంటే కిటికీలకీ తలుపులకీ ఉన్న రక్షణ, అని ఒక భాగం. ‘ఏ’ అంటే తొమ్మిది పౌండ్ల దూలం పరీక్ష దాటినవి, తర్వాత ‘బీ’, ప్లైవుడ్ లాంటి చెక్క పలకలకి ‘సీ’, ఏమీ లేకపోతే ‘ఎక్స్’. మా ఇంటికి ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు మా ఆయన గర్వంగా ఫిల్మ్ చూపించాడు. ఆయన వంగి ప్రతి కిటికీ మూల గాజు మీద చెక్కిన ముద్ర కోసం వెతికాడు. లామినేటెడ్ అయితే అక్కడ రాసి ఉంటుంది. స్లైడింగ్ తలుపు మూల ఒక ముద్ర దొరికింది, ఫోటో తీసుకున్నాడు, మా ఆయన ముఖం వెలిగింది. అక్కడ రాసి ఉన్నది మళ్లీ అదే, 16 సీఎఫ్‌ఆర్ 1201. టెంపర్డ్ గాజు ముద్ర. ఫారంలో ‘ఎక్స్’ పెట్టి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. ఇన్సూరెన్స్ ప్రీమియం ఒక్క పైసా తగ్గలేదు.

దీంట్లో నాకు నవ్వొచ్చే సంగతేమిటంటే, హెచ్‌వీహెచ్‌జెడ్ బయట మనలాంటి ఒకటి రెండు అంతస్తుల ఇళ్లకి కోడ్ ప్లైవుడ్‌ని ఒప్పుకుంటుంది. కనీసం 7/16 అంగుళాల మందం, ముందే కోసిపెట్టుకుని, బిగించే బోల్టులు ముందే గోడలో ఉండాలి. వేలు పోసిన ఫిల్మ్‌కి లేని గౌరవం హోమ్ డిపో చెక్కకి ఉంది! చెక్క అందంగా ఉండదు, మోయాలి, ఇల్లంతా చీకటి. కానీ దూలాన్ని గాజు దాకా రానివ్వదు. షట్టర్లూ అంతే. ఫిల్మ్ గాజు పగిలాక పని మొదలుపెడుతుంది, షట్టర్ గాజు పగలకుండానే ఆపుతుంది.

వైజాగ్ వాళ్లు చేతులెత్తండి. అబ్బో, సగం మంది! 2014 అక్టోబర్ 12 చెప్పక్కర్లేదు కదా. హుద్‌హుద్‌కి మా అన్నయ్య వాళ్ల ఫ్లాట్ బాల్కనీ తలుపు పోయింది. వచ్చి కొట్టింది దూలం కాదు, ఎదురింటి మేడ మీద షెడ్డు రేకు. వదిన మంచాన్ని నిలబెట్టి ఆ కన్నానికి అడ్డం పెట్టి, నలుగురూ దాన్ని వీపుతో నొక్కిపట్టి కూర్చున్నారట. ఇక్కడి కోడ్ చదువుతుంటే నాకు ఆ మంచమే గుర్తొస్తుంది. అక్కడ ఇప్పుడు సముద్రం వైపు అపార్టుమెంట్లు గోడకి గోడ గాజే కడుతున్నారు. కొనేటప్పుడు వ్యూ ఎలా ఉందని అడుగుతారు, గాజు లామినేటెడా అని అడిగినవాళ్లని నేను చూడలేదు. మీరు అక్కడ ఫ్లాటు బుక్ చేస్తుంటే ఆ ఒక్క ప్రశ్న బిల్డర్‌ని అడిగి చూడండి, ఏమంటాడో.

సరే, ప్రశ్నలు తీసుకుందాం. భోజనాలు రాలేదు కదా ఇంకా?

(ఒకరు: మేడమ్, కిటికీలకి ఎక్స్ ఆకారంలో టేపు వేస్తాం కదా...)

వేయకండి. ఆ టైములో పప్పు, బియ్యం, బ్యాటరీలు కొనుక్కోండి. టేపు గాజుకి బలం ఇవ్వదు. పైగా పెంకులు పెద్దపెద్దవిగా అతుక్కుని కత్తుల్లా వస్తాయి. ఎండకి ఆ జిగురు పోదు, దీపావళి దాకా గోకుతూనే ఉంటారు.

(ఇంకొకరు: మా తమ్ముడు హ్యూస్టన్ దగ్గర కేటీలో ఉంటాడు. వాళ్లకి కూడా ఇదే కోడా?)

టెక్సాస్ లెక్క వేరండీ. అక్కడ తీరం వెంట 14 కౌంటీలు, హారిస్ కౌంటీలో ఒక ముక్క, వాటికి విండ్‌స్టార్మ్ సర్టిఫికెట్ ఉంటుంది, డబ్ల్యూపీఐ-8 అంటారు. కేటీ అందులో రాదు. అంటే అక్కడ ఇంపాక్ట్ కిటికీ పెట్టమని ఎవరూ బలవంతం చేయరు. కానీ గాలికి ఆ గీతలు తెలియవు కదా, 2024లో మే నెలలో ఒకసారి, జూలైలో బెరిల్ తుఫానుకి ఇంకోసారి చూశారు. మీ తమ్ముడు దొంగల భయానికి ఫిల్మ్ వేయించుకుంటే వేయించుకోమనండి. తుఫానుకి అని చెప్పి అమ్మితే నేను చెప్పిన ప్రశ్నలు అడగమనండి.

(ఒక పెద్దావిడ: అమ్మాయ్, మేం కాండోలో ఎనిమిదో అంతస్తులో ఉంటాం. షట్టర్లు పెట్టనివ్వరు. ఫిల్మ్ తప్ప దారి లేదంటున్నారు.)

అత్తయ్యగారూ, ముందు మీ బిల్డింగు ఏ సంవత్సరం కట్టారో, గాజు ఏమిటో అసోసియేషన్‌ని కాగితం మీద అడగండి. 2002 తర్వాతదైతే మీకు ఇప్పటికే లామినేటెడ్ ఉండొచ్చు, మూల ముద్ర చూస్తే తెలుస్తుంది, దాని మీద మళ్లీ ఫిల్మ్ దండగ. పాతదైతే, మీరున్న ఎత్తుకి చిన్న మిస్సైల్ చాలు కాబట్టి, అంచులు బిగించే ఫిల్మ్ సిస్టమ్ ఆలోచించదగ్గదే. కానీ మీ గాజు రకానికీ మీ కిటికీ కొలతకీ పరీక్ష రిపోర్టు ఉండాలి, ఇంజనీరు సంతకం ఉండాలి. ఇంకోటి, ఫిల్మ్ వేస్తే కొన్ని గాజులు వేడికి వాటంతట అవే చిట్లుతాయి. కిటికీ కంపెనీ వారంటీ పోతుందేమో కూడా రాతపూర్వకంగా అడగండి. నోటిమాట వద్దు.

(ఒకాయన: మేం కూడా మీ ఆయనలాగే వేయించేశామండీ. ఇప్పుడు పీకేయాలా?)

(నవ్వులు) వద్దు వద్దు, ఉండనివ్వండి. పీకితే ఆ జిగురు వదలక ఇంకో ఖర్చు. పెంకులు ఎగరకుండా పనికొస్తుంది. దాన్ని నమ్ముకుని కిటికీ పక్కన సోఫాలో కూర్చోకండి, అంతే. దాని మీద బయట నుంచి స్టార్మ్ ప్యానెళ్లు పెట్టుకోండి. మై సేఫ్ ఫ్లోరిడా హోమ్ అని రాష్ట్రం పథకం ఒకటి ఉంది, నిధులు ఉన్నప్పుడు తెరుస్తారు, మీరు ఒక డాలర్ పెడితే వాళ్లు రెండు పెడతారు, పది వేల దాకా. ఇన్‌స్పెక్షన్ ఉచితం. ముందు అది చేయించుకోండి. గ్యారేజీ తలుపు కూడా చూపించండి, ఇంట్లో అన్నిటికంటే పెద్ద కన్నం అదే, ఎవరికీ గుర్తుండదు.

మేం చివరికి అదే చేశాం. ఇర్మా తుఫాను వచ్చిన ఆ సెప్టెంబర్‌కి ఇంకా డబ్బుల్లేక ప్లైవుడ్ కొట్టాం, మరుసటి ఏడాది అల్యూమినియం ప్యానెళ్లు కొన్నాం. మొత్తం 34. ఏ ప్యానెల్ ఏ కిటికీదో తెలియక మొదటిసారి నాలుగు గంటలు కొట్టుకున్నాం. ఇప్పుడు ప్రతిదాని వెనకా మా ఆయన మార్కర్‌తో తెలుగులో రాశాడు: వంటిల్లు ఎడమ, పూజగది, బుజ్జిగాడి రూమ్ రెండోది. గంటన్నరలో అయిపోతుంది. బోల్టులకి వింగ్ నట్స్ వేసుకోండి, చేతితో తిప్పేయొచ్చు. ఇంకో డబ్బా ఎక్కువ కొనిపెట్టుకోండి, తుఫాను హెచ్చరిక వచ్చాక షాపులో అవి దొరకవు.

అదిగో, భోజనాలు వచ్చినట్టున్నాయి.